హేరోదు విందులో కూర్చున్నవారు

పదవ తరగతి పిల్లలకు వీడ్కోలు సభ జరుపుట మన పాఠశాలలలో పాత ఆచారమే. తొమ్మిదవ తరగతివారు తలా కొంత చందా వేసికొని మిక్చరు, లడ్డు పెట్టుదురు. ప్రధానోపాధ్యాయుడు పరీక్షలను గూర్చి నాలుగు మాటలు చెప్పును. ఆడపిల్లలు తల్లుల పట్టుచీరలు కట్టుకొని వచ్చి, ఆటోగ్రాఫు పుస్తకములలో ఒకరికొకరు వ్రాసికొని, కొంచెము ఏడ్చి, యిండ్లకు పోవుదురు. దానిలో తప్పుపట్టవలసినది నాకెన్నడును కనబడలేదు. అయితే కొంత కాలమునుండి హైదరాబాదులోని ఖరీదైన పాఠశాలలలోను, పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు వాటిని అనుసరించుచున్న శివారు ప్రైవేటు పాఠశాలలు కొన్నిటిలోను ఆ సభ స్థానమున మరియొకటి వచ్చి కూర్చున్నది. దాని పేరు ప్రామ్.

ఇది అమెరికా దేశపు హైస్కూళ్ల ఆచారము. ప్రామనేడ్ అను మాటకు పొట్టిపేరు. అతిథులు జంటలు జంటలుగా నడచుచు సభలో ప్రవేశించుట అని దాని భావము. మగపిల్లవాడు సూటును టైయును ధరించవలెను, ఆడపిల్ల నేల జీరాడు గౌను తొడుగుకొనవలెను. ప్రతివారును ముందుగా ఒక జోడీని అడిగి కుదుర్చుకొని రావలెను. దీపములు తగ్గించి, పాటలు పెట్టి, జంటలుగా నాట్యమాడించి, చివరకు ఒక బాలునికి రాజనియు ఒక బాలికకు రాణియనియు కిరీటములు పెట్టుదురు. దీనికి మన డీజేయును సినిమా పాటలును కలిపినయెడల శంషాబాదు ప్రామ్ సిద్ధమగును.

మామిడిపల్లివంటి గ్రామమునకు ఇది ఎట్లు వచ్చినదని దూరపు చదువరులు అడుగుదురేమో. 2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేటనుండి శంషాబాదునకు తరలివచ్చినది. దానికొరకు సేకరించిన సుమారు 5,500 ఎకరములలో మా మామిడిపల్లి భూములును కలవు. భూమి పోయినవారిలో కొందరు ధనము చూచిరి, కొందరు ధనమును పోగొట్టుకొనుట చూచిరి. పంట పొలములున్న చోట ప్లాట్ల రాళ్లు పాతిరి. ఔటరు రింగు రోడ్డు వెంబడి ఫంక్షను హాళ్లును, ఫారంహౌసులును లేచినవి. మా సంఘములో సరకుల గోదాములలో మూటలు మోయు తండ్రులు, విమానాశ్రయములో తుడుపు పనికి పోవు తల్లులు, క్యాబులు నడుపు యువకులు ఉన్నారు. వీరందరికిని ఒకే ఆశ: తమ బిడ్డ ఇంగ్లీషు మీడియములో చదువవలెను. ఆ ఆశ ఎంత పవిత్రమో నేనెరుగుదును. ఆ ఆశను పట్టుకొని వ్యాపారము చేయుట ఎంత సులభమో అది కూడ ఎరుగుదును.

ఈ ప్రామును గూర్చి మన సంఘములలో రెండు గొంతులు వినబడుచున్నవి. పెద్దలు కొందరు, నాట్యమే పాపము, మాటలు దేనికి, అందురు. యౌవనస్థులును వారి తలిదండ్రులలో కొందరును, కాలము మారినది, అయ్యగారు కూడ మారవలెను, అందురు. నేనీ రెండింటిలో దేనిని అంగీకరించుటలేదు. మొదటి గొంతు తప్పు చోట కొట్టుచున్నది. రెండవ గొంతు కొట్టవలసిన చోటున్నదని కూడ ఎరుగదు.

నాట్యమే పాపమనువారు పరిశుద్ధ గ్రంథమును మరల తెరచి చూడవలెను. ఎర్రసముద్రము దాటిన దినమున మిర్యాము తంబుర పట్టుకొనగా స్త్రీలందరును ఆమె వెంబడి నాట్యమాడుచు బయలుదేరిరి (నిర్గమ 15:20). దావీదు మందసము ముందర తన శక్తికొలది నాట్యమాడెను. అతనిని చూచి ఈసడించినది మీకాలు. ఆ అధ్యాయపు చివర మాట ఎవరిమీద పడినదో చూడుడి (2 సమూయేలు 6). తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు ఆ యింట వాద్యములును నాట్యమును ఉండెను. బయట నిలిచి లోపలికి రానొల్లనివాడు పెద్ద కుమారుడు (లూకా 15:25-28). మన సంఘములలో క్రిస్మసు రాత్రి కోలాటము వేయరా? బతుకమ్మ చుట్టు తిరుగు పొరుగింటి స్త్రీల చప్పట్లలో అశ్లీలమేమైన ఉన్నదా? లంబాడీ తల్లులు చేతులు పట్టుకొని వలయముగా ఆడుట చూచి సిగ్గుపడవలసినవాడెవడు? వేదములో నాట్యమన్నది చాలవరకు గుంపు నాట్యము. అందరును వచ్చి కలియవచ్చును. ఒకరు ఎక్కువైనను వలయము పెద్దదగును, అంతే. ఒక పురుషుడును ఒక స్త్రీయును జోడీగా కుదురుకొని ఆడిన నాట్యము ఆ గ్రంథములో నాకెక్కడను కనబడలేదు. అందుచేత అది పాపమని నేననను. వేదములో సైకిలు కూడ లేదు. అయితే వలయమునకును జోడీకిని ఉన్న తేడాను గుర్తుంచుకొనుడి, దాని పని ముందు పడును.

నిషేధము చేసినవారి చరిత్ర కూడ కొంచెము చెప్పవలసియున్నది. హైదరాబాదు రాజ్యములో పని ప్రారంభించిన అమెరికా మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘము 1872లో తన నియమావళిలో నాట్యము, నాటకశాల, పేకాట మొదలగువాటిని పేరు పెట్టి నిషేధించినది. 1895లో అబిడ్సులో స్టాన్లీ బాలికల పాఠశాల స్థాపింపబడునాటికి ఆ నియమము అమలులో ఉన్నది. 1924లో దానిని సడలించి, ఎవరి మనస్సాక్షికి వారిని అప్పగించిరి. అమెరికాలో బాప్టిస్టుల బేలర్ విశ్వవిద్యాలయము 151 సంవత్సరములు తన ఆవరణములో నాట్యమును రానీయక, 1996లో రానిచ్చినది. వీటన్ కళాశాలలో విద్యార్థులకు మొదటి నాట్య సభ 2003లో జరిగినది. వారు సడలించినందుకు నేను వారిని నిందించుటలేదు. నేను చెప్పునది వేరు. వద్దు అని నూరేండ్లు చెప్పి, ఎందుకు వద్దో ఒక్క తరమునకైనను సరిగా నేర్పని చోట, ఆ వద్దు పడిపోయిన దినమున దాని వెనుక ఏమియు మిగులదు. మన తెలుగు సంఘములకు వచ్చిన వద్దులు చాలవరకు ఈ జాతివే. అందుకే పాఠశాల యజమాని ఒక రంగు కాగితము పంపగానే మన తలిదండ్రుల నోట మాట లేదు.

ఆ రంగు కాగితమొకటి గత జనవరిలో నేను చూచితిని. మా సంఘములోని ఒక తల్లి దానిని చీర కొంగున మడిచి తెచ్చినది. పాఠశాల పేరు చెప్పను. పేరుతో పని లేదు. ఇంగ్లీషులో ఉన్నదానిని ఆమెకు చదివి చెప్పితిని. ఫీజు 2,500 రూపాయలు, అందరును కట్టవలెను. సూటు, గౌను తప్పనిసరి. జోడీల పేర్లు ఫలాని తేదీలోగా క్లాసు టీచరుకు ఇవ్వవలెను. జోడీ లేనివారిని పాఠశాలయే జత చేయును.

"పైసల సంగతి ఎట్లనో చూసుకుంటం అయ్యగారూ. చిట్టి ఎత్తుతం," అన్నది ఆ తల్లి. "పిల్ల రెండొద్దుల సంది అన్నం తింటలేదు. బడికి పోనంటది."

ఎందుకో ఆ పిల్లయే తరువాత చెప్పినది. తరగతిలో ఆడపిల్లలందరిని మగపిల్లలు ఒకరి తరువాత ఒకరిగా అడిగిరి. ఎర్రగా ఉన్నవారిని, కారులో దిగువారిని ముందుగా అడిగిరి. ఈమెను ఒక్కడు అడిగెను. ఈమె సరేననగానే వెనుక బెంచీలన్నియు నవ్వినవి, పందెమట. ఆ సాయంకాలము వాట్సాప్ గుంపులో మిగిలినవారి జాబితా అని ఒకటి తిరిగినది. ఆరుగురి పేర్లు. ఈమెది మూడవది. ఆ ఆరుగురిలో నలుగురి తల్లులు ఇండ్లలో పాచిపని చేయువారు.

మగపిల్లల గతి మేలని అనుకొనవద్దు. ధైర్యము చేసి అడిగి, తరగతి ముందర కాదనిపించుకొన్న బాలుని గూర్చి ఎవరును మాటలాడరు. పదునైదేండ్లవాడు తాను పనికిరానివాడనని ఎక్కడ నేర్చుకొనెనో తరువాత ఇరువదేండ్లకు ఎవరికి తెలియును?

ఇప్పుడు జోడీ సంగతి చూడుడి. కోలాటములో ఆరుగురు మిగులరు. నాట్యమాడుటలో కాదు, మిగులుటలో ఉన్నది ఈ ఆచారపు విషము. అయినను పిల్లలు ఒకరినొకరు ఎంచుకొనుట, కాదనుకొనుట ఎల్లకాలమును ఉన్నదే. బడి గోడ వెనుక అది జరిగినయెడల గాయము కొద్దిది, దాచుకొనుటకు చోటున్నది. పాఠశాల తన ముద్ర వేసి, తేదీ పెట్టి, క్లాసు టీచరు చేతికి పుస్తకమిచ్చి దానిని వ్రాయించినప్పుడు అది ఒక పరీక్ష అగును. ఆ పరీక్షకు పాఠ్యపుస్తకము రంగు, డబ్బు, తండ్రి ఉద్యోగము. ఫలితము గోడకు అంటించుదురు. తిరిగి వ్రాయుటకు సప్లిమెంటరీ లేదు.

హేరోదు విందును గూర్చి మన ప్రసంగములలో ఎంతగా వినియున్నాము! ఆ చిన్నది ఆడినది, యోహాను తల పోయినది, కాబట్టి ఆడపిల్లలు జాగ్రత్త, అని ముగించుదుము. వేదాంత కళాశాలలో గ్రీకు చదివిన సోదర కాపరులారా, మార్కు సువార్త ఐదవ, ఆరవ అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. ఐదవ అధ్యాయములో యాయీరు కుమార్తె. ఆమెకు పండ్రెండేండ్లు. ఆమెను చెప్పుటకు మార్కు వాడిన మాట కొరాసియొన్, అనగా చిన్నపిల్ల. ఆరవ అధ్యాయములో హేరోదియ కుమార్తె వచ్చును. ఆమెకును మార్కు వాడిన మాట అదే, కొరాసియొన్. ఆమె పేరు కూడ సువార్తలో లేదు. సలోమే అను పేరు మనకు యోసేపస్ చరిత్రనుండి తెలిసినది. మన చిత్రపటములలోను నాటకములలోను ఆమెను కైపెక్కించు యువతిగా చేసిరి గాని, మార్కు మాత్రము ఒక చిన్నపిల్లనే చూచెను.

ఆ గదిలో ఎవరెవరు కూర్చున్నారు? రాజు. అధిపతులు. సైన్యాధికారులు. గలిలయలోని పెద్దమనుష్యులు. తలుపు వెనుక తల్లి. వీరిలో ప్రతివానికిని ఆ పిల్ల ఆటవలన ఏదో ఒక లాభమున్నది. రాజునకు మెప్పు, అతిథులకు వినోదము, తల్లికి పగ తీర్చుకొను మార్గము. పిల్లకు ఏమి మిగిలినది? ఆమెకు ఏమి కావలెనో ఆమెకే తెలియక, బయటికి పోయి తల్లిని అడిగినది. ఆమె చేతిలో పెట్టినది ఒక పళ్లెము. దాని యవతలి అధ్యాయములో ప్రభువు ఇంకొక చిన్నపిల్లను చేయి పట్టి లేపి, ఆమెకు తినుటకేమైన పెట్టుడని చెప్పెను. చూచువారినందరిని ముందే బయటికి పంపివేసెను. ఒక పిల్లను పెద్దలు సభకు లోపలికి తెచ్చిరి. ఒక పిల్లకొరకు ప్రభువు సభను బయటికి తోలెను.

కాబట్టి ప్రామును గూర్చి నేను మాటలాడునప్పుడు పిల్లలను నిందించుటకు నాకు మనసు రాదు. నా కన్నులు కుర్చీలమీదికి పోవుచున్నవి. ఆ హాలులో కూర్చున్నవారెవరు? పాఠశాల యజమాని: డ్రోను కెమేరాతో తీయించిన వీడియో మార్చిలో ప్రవేశముల ప్రకటనకు పనికివచ్చును. ఈవెంటు కంపెనీవాడు: తలకింతయని కట్టించుకొనును. గౌనులు అద్దెకిచ్చువాడు, మేకప్పు చేయువాడు. కూతురు రాణియైనదని బంధువుల గుంపులో పెట్టుకొను తండ్రి. ఇందరి పళ్లెములు నిండుటకు పిల్లలు ఆడవలెను. అది కూడ ఎప్పుడు? పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుచున్న దినములలో, లెక్కల క్లాసు ఆపి అభ్యాసము చేయించుచున్నారు. కూలివాని కూతురికి ఆ లెక్కల క్లాసు తప్ప వేరు ట్యూషను లేదు.

ఈ దేశములో ఇదివరలో కూర్చున్నవారితో మాటలాడినవారున్నారు. 1893లో మద్రాసులో హిందూ సంఘ సంస్కరణ సభవారు వైస్రాయికిని మద్రాసు గవర్నరుకును ఒక మహజరు పంపిరి. భోగపు మేళములు పెట్టు విందులకు తాము వెళ్లమని చెప్పవలసినదిగా ఆ దొరలను అడిగిరి. దొరలు ఒప్పుకొనలేదు. కాని అడిగిన తీరు చూడుడి: ఆడువారిని ఆపుమని కాదు, కూర్చున్నవారిని లేవుమని. మన తెలుగునాట కందుకూరి వీరేశలింగముగారును, మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు శిష్యులైన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారును ఈ పని చేసిరి. తరువాత కాలములో ఆ ఉద్యమపు దెబ్బ పెద్దమనుష్యులకంటె ఆ స్త్రీలకే ఎక్కువ తగిలినది. మేజువాణి పెట్టిన జమీందారులు జమీందారులుగానే చనిపోయిరి. ఆడిన కుటుంబములు కూడు పోగొట్టుకొని, కళ పోగొట్టుకొని, పేరు మార్చుకొని బ్రదికిరి. వారి వృద్ధ స్త్రీలను వెదకి, వారియొద్ద మిగిలియున్నదానిని నేర్చి, ఆంధ్రనాట్యమని నిలబెట్టుటకు నటరాజ రామకృష్ణగారు తన జీవితము వెచ్చించవలసి వచ్చినది. ఆడువారిని కొట్టి కూర్చున్నవారిని విడిచిపెట్టుట మనకు అలవాటైన పని. సంఘములో నాట్యమే పాపమని గద్దించునప్పుడు మనము చేయుచున్నది కూడ అదే.

2022 మే 28న జూబిలీహిల్సులో ఒక పబ్బులో మద్యము లేదని చెప్పి పిల్లలకు పగటి విందు జరిపిరి. అక్కడికి వెళ్లిన ఒక మైనరు బాలికపై జరిగిన ఘోరమును పత్రికలలో చదివితిరి. నిందితులలో ఐదుగురు తామే మైనర్లు. ఆ వారములో మన కూటములలో ఎక్కువగా వినబడిన ప్రశ్న ఏది? ఆ పిల్ల ఎందుకు వెళ్లినది? పబ్బును పిల్లల విందుకు అద్దెకిచ్చినవారెవరు, ఆ బాలురకు అంత పెద్ద కారు ఇచ్చినవారెవరు అని అడిగిన గొంతులు తక్కువ. నేను ఆ సంగతిని ప్రామునకు వ్యతిరేకముగా సాక్ష్యమునకు తెచ్చుటలేదు. బాధపడిన బిడ్డను వాదములో రాయిగా వాడుట నాకిష్టము లేదు. మన ప్రశ్నలు ఎటు తిరుగుచున్నవో చూపుటకే చెప్పితిని.

జోడీలో ఇంకొక కపటమున్నది. పాఠశాలవారు జోడీ కుదుర్చునప్పుడు కులము అడుగరు. ఫొటోగ్రాఫరు అడుగడు. తండ్రి చప్పట్లు కొట్టునప్పుడు అడుగడు. ఆ రెండు చేతులు వేదిక దిగిన తరువాతను విడువనియెడల అప్పుడు అడుగుదురు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక దళిత క్రైస్తవ యువకుని, గర్భవతియైన భార్య కన్నులయెదుట, ఆసుపత్రి వాకిట నరికి చంపిరి. వారిద్దరును బడి దినములనుండి ఎరిగినవారు. కిరాయి ఇచ్చి చంపించినవాడు ఆమె తండ్రియేనని పోలీసులు అభియోగము మోపిరి. అతడు 2020లో మరణించెను. 2025 మార్చిలో నల్గొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవ శిక్షయు విధించినది. కులము దాటి పెండ్లియాడిన బిడ్డలను నేను ఎన్నడును ఆక్షేపించను. మన సంఘములు వారికి ఆశ్రయము కావలెను. నేను ఆక్షేపించునది పెద్దల ఆటను. ఒక సాయంకాలము పిల్లల చేయి చేయి కలిపి ఫొటో తీయించి, మరునాడు ఇంటిపేరు అడుగు సమాజము ఆ చేతులను కలుపుటకు ఏ అర్హత కలిగియున్నది?

పుట్టిన దేశములో కూడ ఈ జోడీ నాట్యపు చరిత్ర తలుపుల చరిత్రయే. మిస్సిసిప్పి రాష్ట్రములోని చార్లెస్టన్ అను ఊరి హైస్కూలులో నల్లవారును తెల్లవారును 1970నుండి ఒకే తరగతిలో చదువుచుండిరి. ప్రామ్ మాత్రము తెల్లపిల్లలకు ఒకటి, నల్లపిల్లలకు ఒకటి. ఆ ప్రాంతపువాడైన సినిమా నటుడు మోర్గన్ ఫ్రీమన్, ఇద్దరికిని కలిపి ఒకటే జరిపినయెడల ఖర్చు తానిచ్చెదనని 1997లోనే చెప్పెను. 2008లో గాని అది జరుగలేదు. లెక్కలు కలిసి చేయవచ్చును, బంతి కలిసి ఆడవచ్చును, జోడీ కుదుర్చుకొనుటకు వచ్చినప్పుడే తలిదండ్రుల అసలు మనసు బయటపడినది. జార్జియాలోని విల్కాక్సు కౌంటీలో 2013లో పిల్లలే చందాలు పోగుచేసి, ఉమ్మడి ప్రామ్ జరుపుకొనిరి. పిల్లలు పెద్దలకంటె మంచివారని దీనినిబట్టి కూడ తెలియుచున్నది.

ఇక, మా పిల్లలు రేపు అమెరికా పోవుదురు, ఈ మర్యాదలు నేర్వవద్దా, అనువారున్నారు. పోనిండు, ప్రభువు చిత్తమైతే పోవుదురు. అక్కడ నేడు చాలమంది పిల్లలు జోడీ లేకుండ స్నేహితుల గుంపుగానే ప్రామునకు పోవుచున్నారు. వారు విడుచుచున్న ఎముకను మనము డబ్బిచ్చి కొనుచున్నాము. మర్యాద నేర్పవలెనన్న, బల్లమీద ఎదుటివాని పళ్లెము నిండినదా అని చూచుట నేర్పవచ్చును, స్త్రీతో మాటలాడునప్పుడు ఆమె ముఖము చూచి మాటలాడుట నేర్పవచ్చును. వాటికి 2,500 రూపాయలు అక్కరలేదు.

ఒక పొరుగు పెద్దమనిషి నాతో అన్నాడు: "ఇదంతా మీ క్రైస్తవుల పద్ధతే గదా పాస్టరుగారూ, గౌనూ, సూటూ." నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు. ఈ దేశమునకు వచ్చిన మిషనెరీలలో పెక్కుమంది సంఘములు ఇంట్లో నాట్యమును నిషేధించినవి. అయినను ఆ పెద్దమనిషి మాటలో కొంత పస ఉన్నది. మన క్రైస్తవ పెండ్లిళ్ల రిసెప్షనులకు వచ్చి చూడుడి. ఆరాధన అయిన గంటకు డీజే మొదలగును. చెవులు పగులు ఆ మోతలో వధువు తాత ప్లాస్టికు కుర్చీలో చెవులు మూసికొని కూర్చుండును. కాపరి ప్రార్థన చేసి బిర్యానీ తిని వెడలిపోవును. అక్కడ నోరు మెదపని సంఘ పెద్దలు పదునైదేండ్ల పిల్లలను గద్దించుటకు లేచినప్పుడు పిల్లలు వినకపోవుట వింత కాదు.

క్రైస్తవ యాజమాన్యములోని పాఠశాలలు నడుపు సహోదరులతో ఒక మాట. మీ ప్రవేశ పత్రికలమీద సిలువ ముద్ర వేసికొనుచున్నారు. ఈ చిన్నవారిలో ఒకని అభ్యంతరపరచువానికి తిరుగటిరాయి సంగతి ప్రభువు చెప్పినది (మత్తయి 18:6) మీరెరుగనిది కాదు. మన ప్రసంగములలో దానిని పిల్లలను చెడగొట్టు సినిమాలకు, చెడు స్నేహములకు వర్తింపజేయుదుము. మిగిలినవారి జాబితాలో మూడవ పేరునకు ఎప్పుడైన వర్తింపజేసితిమా? ఆ పిల్ల తాను దేవుని స్వరూపమందు చేయబడితినని ఆదివారపు బడిలో కంఠస్థము చేసినది. ఆ వాక్యమును మీ తరగతి గదిలో ఒక్క సాయంకాలములో తుడిపివేసిరి. దానిని మరల వ్రాయుటకు నాకును ఆమె తల్లికిని ఎన్ని ఏండ్లు పట్టునో ప్రభువునకు తెలియును.

వీడ్కోలు వద్దని నేను చెప్పను. పాటలు వద్దనను, ఆట వద్దని కూడ చెప్పను. వలయముగా ఆడనిండు, కోలలు మా సంఘమునుండి పంపెదను. బడి ఆవరణలోనే, పగటివేళ, తలిదండ్రులు కూడ కూర్చుండగా జరుపుడి. బిర్యానీకి చందా వేయుడి, ఇవ్వలేనివాని పేరు అడుగవద్దు. జోడీ పుస్తకమును పొయ్యిలో వేయుడి.

ఈ మాటలనే ఐదుగురు తలిదండ్రులను వెంటబెట్టుకొని పోయి ఆ యాజమాన్యముతో చెప్పితిని. ఆ ఐదుగురిలో ఇద్దరు ముస్లిములు, ఒకరు హిందువు. పహాడీషరీఫునుండి వచ్చిన తండ్రి నాకంటె చక్కగా మాటలాడెను. ఆయన అడిగినది ఒక్కటే: "ఎవరూ అడగని పిల్లకు మీరు ఎవణ్ణి జత చేస్తారు సార్? వాడు ఆమెతో ఎట్ల నిలబడతాడు?" దానికి జవాబు రాలేదు. ఫీజు తప్పనిసరి కాదని వ్రాసి ఇచ్చిరి. క్లాసు వేళలలో అభ్యాసము ఆపెదమనిరి. జోడీల సంగతి మాత్రము, ఈవెంటు కంపెనీకి అడ్వాన్సు ఇచ్చివేసితిమి, ఈ యేటికి మార్చలేమనిరి. ఆ పిల్ల ఆ సాయంకాలము పోలేదు. ఆ జాబితాలోని మరి ముగ్గురును పోలేదు. నలుగురును మా ఇంట అన్నము తిని, గణితము పుస్తకములు ముందర వేసికొని రాత్రి తొమ్మిదింటివరకు కూర్చుండిరి. వచ్చే జనవరిలో ఆ అడ్వాన్సు ఇయ్యకమునుపే మరల పోవలెనని ఆ పహాడీషరీఫు తండ్రియు నేనును మాట అనుకొంటిమి. ఈసారి పదునైదుమంది వత్తురని ఆయన చెప్పుచున్నాడు.